ఏఐ అసిస్టెంట్ల వినియోగం (వికారాబాద్, తాండూరు ప్రాంతం)

ఏఐ అసిస్టెంట్ అనగా మనిషి రాసిగాని, మాట్లాడిగాని అడిగిన దానికి మామూలు భాషలో బదులిచ్చే కంప్యూటరు ప్రోగ్రాము. ఏఐ అనేది కృత్రిమ మేధకు వాడుకలో ఉన్న పొట్టి పేరు. ఉత్తరాలకు, దరఖాస్తులకు ముసాయిదా తయారు చేయడం, ఒక భాషలోని విషయాన్ని మరో భాషలోకి మార్చడం, పొడవైన పత్రాన్ని కుదించి చెప్పడం, లెక్కలు వేయడం, పాఠ్యాంశాలను వివరించడం ఇవి చేసే ముఖ్యమైన పనులు. తెలంగాణ రాష్ట్రంలోని వికారాబాద్ జిల్లా కేంద్రమైన వికారాబాద్, అదే జిల్లాలోని వాణిజ్య పట్టణమైన తాండూరు పరిసరాలలో సాగే వ్యవసాయం, నాపరాతి వ్యాపారం, చదువు, కార్యాలయ వ్యవహారాలలో ఇటువంటి ప్రోగ్రాములు ఎంతవరకు పనికివస్తాయి, ఎక్కడ తప్పు చేస్తాయి అన్నది ఈ వ్యాస విషయం.

రాతపనిలో వీటివల్ల సమయం మిగులుతుంది. అయితే భూమి కొలతలు, పంటల తెగుళ్ళ పేర్లు, ధరలు, జిల్లాల హద్దులు వంటి స్థానిక విషయాలలో ఇవి చెప్పినదానిని తెలిసిన మనిషి సరిచూడనిదే వాడటం నష్టానికి దారి తీయవచ్చు.

ప్రాంతం

వికారాబాద్ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. అంతకు ముందు వికారాబాద్, తాండూరు, పరిగి ప్రాంతాలు రంగారెడ్డి జిల్లాలోను, కొడంగల్ ప్రాంతం మహబూబ్‌నగర్ జిల్లాలోను ఉండేవి. 1956 వరకు ఈ ప్రాంతం హైదరాబాదు రాష్ట్రంలో భాగం. వికారాబాద్ రైల్వే జంక్షన్. సికింద్రాబాదు నుండి వాడి వైపు వెళ్ళే మార్గం నుండి పర్లీ వైజ్‌నాథ్ మార్గం ఇక్కడ చీలుతుంది. పట్టణానికి సమీపంలోని అనంతగిరి కొండలలో మూసీ నది పుడుతుంది.

తాండూరు వాడి మార్గంలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉంది. ఇక్కడి కందిపప్పు, నాపరాళ్ళు, సిమెంటు కర్మాగారాలు ప్రసిద్ధి చెందినవి. ఇక్కడ తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడ భాషలు కూడా వినిపిస్తాయి. నిజాం కాలపు రెవెన్యూ పద్ధతి, మూడు భాషల కలయిక, సరిహద్దు దాటి సాగే వ్యాపారం ఈ ప్రాంతపు పనులకు ఉన్న ప్రత్యేకతలు. ఏఐ అసిస్టెంట్లకు అనుకూలమైన పనులు, వాటిని తికమక పెట్టే పనులు రెండూ ఈ ప్రత్యేకతల నుండే వస్తాయి.

చరిత్ర

కంప్యూటరు చేత తెలుగును అర్థం చేయించే ప్రయత్నాలు చాలాకాలంగా సాగుతున్నాయి. భారతీయ భాషల మధ్య అనువాదానికి ఉద్దేశించిన అనుసారక పరిశోధన ఐఐటీ కాన్పూరులో మొదలై హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోను, తరువాత హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలోను కొనసాగింది.

ఓపెన్‌ఏఐ సంస్థ 2022 నవంబరు 30న చాట్‌జీపీటీని విడుదల చేయడంతో ఏఐ అసిస్టెంట్లు సామాన్య ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. 2023లో ఆంత్రోపిక్ సంస్థ క్లాడ్‌ను, గూగుల్ సంస్థ బార్డ్‌ను తెచ్చాయి. బార్డ్ 2023 జూలైలో తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో పనిచేయడం మొదలుపెట్టింది. 2024 ఫిబ్రవరిలో దాని పేరు జెమినిగా మారింది. 2024 జూన్‌లో జెమిని మొబైల్ యాప్ తెలుగుతో సహా తొమ్మిది భారతీయ భాషలలో మన దేశంలో విడుదలైంది. అదే నెలలో వాట్సాప్‌లో మెటా ఏఐ మన దేశంలో అందుబాటులోకి వచ్చింది. ప్రత్యేకమైన కంప్యూటరు లేకపోయినా, చేతిలోని ఫోనులోనే వీటిని వాడే వీలు ఏర్పడింది.

ప్రభుత్వ రంగంలో కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో భాషిణి అనే భాషా సాంకేతిక వేదికను ప్రారంభించింది. పీఎం కిసాన్ పథకంపై రైతుల సందేహాలు తీర్చే కిసాన్ ఈ-మిత్ర చాట్‌బాట్ 2023 సెప్టెంబరులో మొదలైంది. తెలంగాణ ప్రభుత్వం 2020ను కృత్రిమ మేధ సంవత్సరంగా ప్రకటించింది. ఖమ్మం జిల్లాలో సుమారు 7,000 మంది మిరప రైతులతో నడిచిన సాగు బాగు ప్రాజెక్టులో తెలుగులో సలహాలిచ్చే చాట్‌బాట్‌ను వాడారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో మన మిత్ర పేరుతో వాట్సాప్ ద్వారా ప్రభుత్వ సేవలు మొదలయ్యాయి. తెలంగాణలో మీసేవ సేవలు 2025 నవంబరులో వాట్సాప్‌లోకి వచ్చాయి.

పనిచేసే తీరు

ఏఐ అసిస్టెంట్లకు ఆధారం పెద్ద భాషా నమూనా. పుస్తకాలు, పత్రికలు, వెబ్‌సైట్ల నుండి సేకరించిన విస్తారమైన పాఠం మీద దీనికి శిక్షణ ఇస్తారు. ఒక మాట తరువాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువగా ఉందో ఈ శిక్షణలో అది నేర్చుకుంటుంది. అడిగిన ప్రశ్నకు బదులు చెప్పేటప్పుడు ఆ నేర్పుతోనే ముక్క తరువాత ముక్కగా వాక్యాన్ని అల్లుతుంది. ఈ ముక్కలను టోకెన్లు అంటారు.

ఈ పద్ధతి వల్ల రెండు ఫలితాలు కలుగుతాయి. మొదటిది, ఉత్తరం, దరఖాస్తు, నివేదిక వంటి ఒక మూసలో ఉండే రాతలను ఇవి చక్కగా రాస్తాయి. రెండవది, తెలియని విషయాన్ని కూడా తెలిసినట్లుగానే, అదే ధీమాతో రాస్తాయి. వాక్యం ఎంత సొంపుగా ఉన్నదన్నది అందులోని విషయం నిజమా కాదా అన్నదానికి గుర్తు కాదు.

శిక్షణ ఒక తేదీతో ఆగిపోతుంది. ఆ తరువాత మారిన ధరలు, నియమాలు నమూనాకు తెలియవు. కొన్ని అసిస్టెంట్లు ఇంటర్నెట్‌లో వెతికి తాజా సమాచారం తెస్తాయి. అప్పుడు కూడా ఏ పేజీ నుండి తెచ్చిందో చూసుకోవలసి ఉంటుంది.

తెలుగు భాషలో

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా కలవారు 8.11 కోట్ల మంది. అయినప్పటికీ ఇంటర్నెట్‌లో ఉన్న తెలుగు పాఠం ఆంగ్లంతో పోలిస్తే చాలా తక్కువ. అందువలన ఒకే ప్రశ్నకు ఆంగ్లంలో వచ్చినంత నిండైన సమాధానం తెలుగులో రాకపోవచ్చు.

లిపిని భద్రపరిచే విధానంలోనూ తేడా ఉంది. యూనీకోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. "తాండూరు" అనే మాటలో త, దీర్ఘం, సున్న, డ, ఊత్వం, ర, ఉత్వం కలిపి 7 సంకేతాలు ఉన్నాయి. అంటే ఆ మాటకు 21 బైట్లు కావాలి. అదే పేరును ఆంగ్ల అక్షరాలలో రాస్తే 6 బైట్లు చాలు. ఈ కారణం వల్ల, నమూనా శిక్షణలో తెలుగు పాలు తక్కువ కావడం వల్ల, అదే విషయానికి తెలుగులో సాధారణంగా ఎక్కువ టోకెన్లు ఖర్చవుతాయి. ఉచిత వాడకానికి పరిమితి ఉన్న చోట ఈ తేడా తెలుగు వాడుకరులపై భారంగా పడుతుంది.

ఇవి నేర్చుకున్న తెలుగు ఎక్కువగా పత్రికల తెలుగు. జర, మస్తు, పైలం వంటి తెలంగాణ మాటలు, వాటితో కలిసే ఉర్దూ, కన్నడ పదాలు మాటగా చెప్పినప్పుడు పొరపాటుగా నమోదు కావచ్చు. మాటను రాతగా మార్చే సౌకర్యాన్ని వాడినవారు, ముందుగా తెరపై పడిన రాతను చదివి, తరువాత సమాధానాన్ని చూడటం మంచిది.

వివిధ పనులలో వినియోగం

దరఖాస్తులు, ఉత్తరాలు

ఏఐ అసిస్టెంట్ల వల్ల కలిగే ప్రయోజనం అందరికన్నా ఎక్కువగా రాత అలవాటు లేనివారికి ఉంటుంది. విద్యుత్ శాఖకు, పురపాలక సంఘానికి, బ్యాంకుకు, మండల కార్యాలయానికి రాసే ఫిర్యాదులు, విన్నపాలు ఒకే చట్రంలో ఉంటాయి. ఎవరికి, ఏ విషయం, ఎప్పుడు జరిగింది, ఏమి కోరుతున్నారు అన్న నాలుగు సంగతులు ఇస్తే ముసాయిదా కొద్ది క్షణాలలో తయారవుతుంది. సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు చేసేవారు తమ ప్రశ్నలను విడివిడిగా, స్పష్టంగా రాయించుకోవడానికి ఇది తోడ్పడుతుంది. ఆ చట్టం ప్రకారం సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వాలి.

ఇటువంటి ముసాయిదాలలో తరచుగా చూడవలసినది చిరునామా. పాత పాఠాల మీద శిక్షణ పొందిన నమూనా తాండూరును రంగారెడ్డి జిల్లాలోను, కొడంగల్‌ను మహబూబ్‌నగర్ జిల్లాలోను రాసే అవకాశం ఉంది. ఉద్యోగాల దరఖాస్తులలో మరో చిక్కు ఉంది. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులలో వికారాబాద్ జిల్లా జోగులాంబ జోన్‌లో ఉండేది. 2021లో దానిని చార్మినార్ జోన్‌లోకి మార్చారు. పాత సమాచారాన్ని నమ్మి జోన్‌ను తప్పుగా పేర్కొంటే స్థానికత విషయంలో ఇబ్బంది కలుగుతుంది.

భూమి లెక్కలు

ఈ ప్రాంతంలో ఏఐ అసిస్టెంటు తప్పు చేస్తే ఎక్కువ నష్టం కలిగే చోటు భూమి పత్రాలు. తెలంగాణలో భూమిని ఎకరాలు, గుంటలలో కొలుస్తారు. ఒక ఎకరానికి 40 గుంటలు, ఒక గుంటకు 121 చదరపు గజాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎకరాన్ని 100 సెంట్లుగా విభజిస్తారు. రెవెన్యూ పత్రాలలో చుక్కకు ఎడమవైపు ఎకరాలను, కుడివైపు గుంటలను రాయడం తెలంగాణలో వాడుక. ఈ సంగతి చెప్పకుండా అంకెలు ఇస్తే ప్రోగ్రాము వాటిని దశాంశ సంఖ్యలుగా తీసుకోవచ్చు.

ఉదాహరణకు పత్రంలో 2.20 అని ఉంటే 2 ఎకరాల 20 గుంటలు, అనగా రెండున్నర ఎకరాలు. దశాంశంగా చదివితే అది 2 ఎకరాల 8 గుంటలు అవుతుంది. 12 గుంటలు, అంటే 1,452 చదరపు గజాలు లెక్కలో నుండి పోతాయి.

కూడికలో పొరపాటు ఇంకా పెద్దది కావచ్చు. ఒక రైతుకు ఒక సర్వే నంబరులో 1.25, మరొక దానిలో 2.30 భూమి ఉన్నదనుకుంటే:

- సరైన లెక్క: 25 గుంటలు, 30 గుంటలు కలిపి 55 గుంటలు. అందులో 40 గుంటలు ఒక ఎకరం. మొత్తం 4 ఎకరాల 15 గుంటలు. పత్రంలో 4.15 అని రాస్తారు.
- దశాంశంగా కూడితే: 3.55 వస్తుంది. దశాంశ ఎకరాలుగా చూస్తే ఇది అసలు విస్తీర్ణం కంటే 33 గుంటలు తక్కువ.

అన్నదమ్ముల పంపకాలలో గాని, అమ్మకపు ఒప్పందంలో గాని ఈ అంకె చేరితే తగాదాకు దారి తీస్తుంది. ప్రశ్నలోనే "చుక్క తరువాత ఉన్నవి గుంటలు, 40 గుంటలు ఒక ఎకరం" అని చెప్పినట్లయితే ఈ తప్పు చాలావరకు తప్పుతుంది. చివరికి చేత్తో ఒకసారి కూడి చూడటం అన్నిటికన్నా సులభమైన పరీక్ష.

పదజాలం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. నిజాం కాలం నుండి ఇక్కడి రెవెన్యూ భాషలో పహాణీ, సేత్వార్, ఫైసల్ పట్టీ, విరాసత్, సాదాబైనామా వంటి మాటలు ఉన్నాయి. ఆంధ్ర ప్రాంతంలో పహాణీకి దీటుగా అడంగల్ అనే మాట వాడతారు. రెండు రాష్ట్రాల సమాచారం కలిసిపోయిన నమూనా ఒక రాష్ట్రపు విధానాన్ని మరో రాష్ట్రానికి అంటగట్టవచ్చు. భూమి రికార్డుల నిర్వహణ కూడా మారింది. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి పోర్టల్ స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి పోర్టల్ వచ్చింది. ధరణి గురించి పాత పేజీలలో ఉన్న సూచనలు ఇప్పుడు పనికిరావు.

ఇన్నాళ్ళుగా ఈ పత్రాలను రాసిపెట్టే దస్తావేజు లేఖరులు, అర్జీలు రాసేవారు అక్షరాలు రాయడంతో పాటు ఈ మాటల అర్థాన్ని, ఏ కాగితం ఏ కార్యాలయంలో చెల్లుతుందో తెలిసినవారు. వారి పనిలో మొదటి భాగాన్ని ఏఐ అసిస్టెంటు త్వరగా చేయగలదు. రెండవ భాగానికి అది బాధ్యత వహించదు.

వ్యవసాయం

తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. యాలాల మండలంలోని రైతు ఉత్పత్తిదారుల సంస్థ దీనికై దరఖాస్తు చేయగా, వ్యవసాయ విశ్వవిద్యాలయం, తాండూరు వ్యవసాయ పరిశోధన స్థానం తోడ్పడ్డాయి. సున్నపురాయి నిక్షేపాలతో కూడిన లోతైన నల్లరేగడి నేలలు, వాటిలోని అట్టాపల్గైట్ అనే బంకమట్టి ఖనిజం ఈ కంది నాణ్యతకు కారణమని చెబుతారు. ఇందులో మాంసకృత్తులు 22 నుండి 24 శాతం వరకు ఉంటాయి. ఈ పంట ప్రధానంగా వర్షాధారం.

రైతులు ఏఐ అసిస్టెంటును సాగు ఖర్చుల పద్దు రాసుకోవడానికి, పథకాల నియమాలను తేలిక తెలుగులో చదువుకోవడానికి, విత్తన సంచిపై ఆంగ్లంలో ఉన్న సూచనలను ఫోటో తీసి తెలుగులోకి మార్చుకోవడానికి ఉపయోగించవచ్చు. తెగుళ్ళు, మందుల విషయంలో మాత్రం ఒక్క మాట తేడాతో సలహా మొత్తం మారిపోతుంది.

వెర్రి తెగులు దీనికి మంచి ఉదాహరణ. కందిలో వెర్రి తెగులును గొడ్డుమోతు తెగులు అని కూడా అంటారు. ఇది వైరస్ వల్ల కలిగే రోగం, కంటికి కనపడనంత చిన్న నల్లి ద్వారా వ్యాపిస్తుంది. మొక్క పచ్చగా గుబురుగా పెరుగుతుంది గాని పూత, కాత ఉండదు. నువ్వుల పంటలో కూడా వెర్రి తెగులు అనే పేరుతోనే మరో రోగం ఉంది. అది ఫైటోప్లాస్మా వల్ల కలిగి, దీపపు పురుగుల ద్వారా వ్యాపిస్తుంది. పంట పేరు చెప్పకుండా "వెర్రి తెగులుకు ఏ మందు కొట్టాలి" అని అడిగితే ఒక పంట సలహా మరో పంటకు రావచ్చు. శిలీంధ్రాలను చంపే మందు ఈ రెండింటిలో దేనికీ పనిచేయదు. తప్పు మందుకు పెట్టిన డబ్బుతో పాటు, తెగులును అరికట్టవలసిన అదను కూడా పోతుంది.

మోతాదును లీటరు నీటికి చెప్పారా, ఎకరానికి చెప్పారా అన్నది మరో ముఖ్య విషయం. లీటరుకు 2 మి.లీ. అయితే 16 లీటర్ల స్ప్రేయరు ట్యాంకుకు 32 మి.లీ. పడుతుంది. అసిస్టెంటు చెప్పిన మోతాదును మందు డబ్బాపై ఉన్న లేబులుతో పోల్చి చూడాలి. సందేహం ఉంటే తాండూరు పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను, మండల వ్యవసాయ అధికారిని, 2004 నుండి పనిచేస్తున్న కిసాన్ కాల్ సెంటర్‌ను అడగవచ్చు. కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551.

ధరల విషయంలో పాత సమాచారం వల్ల కలిగే నష్టాన్ని లెక్క కట్టవచ్చు. కందికి కనీస మద్దతు ధర క్వింటాలుకు 2023-24లో 7,000 రూపాయలు, 2024-25లో 7,550 రూపాయలు, 2025-26లో 8,000 రూపాయలు. 2025-26 పంటను అమ్మే రైతు ఒక సంవత్సరం పాత ధరను నమ్మి బేరం కుదుర్చుకుంటే క్వింటాలుకు 450 రూపాయలు, 12 క్వింటాళ్ళకు 5,400 రూపాయలు తేడా వస్తుంది.

నాపరాతి వ్యాపారం

తాండూరు చుట్టుపక్కల దొరికే నాపరాయి భీమా పరీవాహక శిలాసముదాయానికి చెందిన సున్నపురాయి. కర్ణాటకలోని షాబాదు రాయి కూడా ఇదే సముదాయానిది. నీలి, పసుపు రంగులలో ఉండే ఈ బండలను కోసి, నునుపు చేసి ఇళ్ళ నేలకు పరుస్తారు. ఈ వ్యాపారంలో లెక్క చదరపు అడుగులలో ఉంటుంది. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గల గదికి 180 చదరపు అడుగులు కావాలి. 2 అడుగుల చదరపు బండ ఒక్కటి 4 చదరపు అడుగులు కనుక 45 బండలు పడతాయి. విరుగుడు కింద 5 శాతం కలిపితే 48 బండలు తీసుకోవాలి. పలు గదులున్న ఇంటికి ఇటువంటి లెక్కను, దాని కొటేషన్‌ను అసిస్టెంటు త్వరగా తయారు చేస్తుంది.

ఉత్తర ప్రత్యుత్తరాలలో దీని ఉపయోగం ఇంకా ఎక్కువ. కొనుగోలుదారుతో కన్నడంలోనో, హిందీలోనో, ఆంగ్లంలోనో వ్యవహరించవలసి వచ్చినప్పుడు తెలుగులో చెప్పిన విషయాన్ని ఆ భాషలో మర్యాదగా రాయించుకోవచ్చు. అనువాదాన్ని తిరిగి తెలుగులోకి మార్పించి చదివితే పెద్ద తప్పులు బయటపడతాయి. పరిమాణం, ధర, గడువు అనే మూడు అంకెలను మాత్రం కంటితో పోల్చి చూడాలి. రాయి రంగు, మందం, నునుపు వంటివి చేతితో చూసి తేల్చవలసినవి. వాటి గురించి అసిస్టెంటు రాసే వర్ణన సరుకుకు హామీ కాదు.

పాఠశాలలు

2025లో తెలంగాణ పాఠశాల విద్యాశాఖ ఏక్‌స్టెప్ ఫౌండేషన్ సహకారంతో ప్రాథమిక పాఠశాలల్లో ఏఐ ఆధారిత బోధనను ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. మొదట ఎంపిక చేసిన ఆరు జిల్లాలలో వికారాబాద్ జిల్లా ఒకటి. చదవడం, లెక్కలు చేయడంలో వెనుకబడిన 3 నుండి 5 తరగతుల పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుని తమ స్థాయికి తగిన అభ్యాసాలు చేయడం దీని పద్ధతి. పిల్లవాడు తప్పు చేసిన చోటే మరల అభ్యాసం ఇవ్వడం దీనిలోని సౌలభ్యం.

ఉపాధ్యాయులు ప్రశ్నపత్రాలు, పాఠ్యప్రణాళికలు తయారు చేసుకోవడానికి సాధారణ ఏఐ అసిస్టెంట్లను ఉపయోగించవచ్చు. విద్యార్థుల విషయంలో వాడే తీరును బట్టి ఫలితం ఉంటుంది. లెక్కకు సమాధానం అడిగి రాసుకున్న విద్యార్థికి పరీక్షలో అది తోడురాదు. తాను చేసిన లెక్కను చూపించి, ఎక్కడ తప్పిందో చెప్పమని అడిగిన విద్యార్థికి అది ఇంటి వద్ద ఒక ఉపాధ్యాయుడి వలె పనికివస్తుంది. ఇంట్లో చదువు చెప్పేవారు లేని పిల్లలకు ఈ రెండవ పద్ధతి ముఖ్యమైనది.

పని వేగంపై పరిశోధనలు

ఏఐ అసిస్టెంట్ల వల్ల నిజంగా సమయం మిగులుతుందా అన్న ప్రశ్నపై పలు దేశాలలో పరిశోధనలు జరిగాయి.

- 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన నోయ్, జాంగ్‌ల అధ్యయనంలో 453 మంది ఉద్యోగులకు రాతపని ఇచ్చారు. చాట్‌జీపీటీ వాడినవారికి సమయం 40 శాతం తగ్గింది, రాత నాణ్యత 18 శాతం పెరిగింది.
- బ్రిన్యోల్ఫ్‌సన్, లీ, రేమండ్‌లు వినియోగదారుల సేవా కేంద్రంలో పనిచేసే 5,000 మందికి పైగా ఉద్యోగులపై జరిపిన అధ్యయనం 2025లో పత్రికలో ప్రచురితమైంది. గంటకు పరిష్కరించిన సమస్యలు సగటున 15 శాతం పెరిగాయి. కొత్తవారికి ఎక్కువ మేలు, అనుభవజ్ఞులకు తక్కువ మేలు కలిగింది.
- 2025లో మీటర్ అనే సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లపై జరిపిన అధ్యయనంలో ఏఐ వాడినప్పుడు పనికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని ముగిసిన తరువాత కూడా వారు తమకు 20 శాతం సమయం మిగిలిందనే అనుకున్నారు.

ఈ మూడింటిని కలిపి చూస్తే, మూసలో ఉండే రాతపనిలోను, పనికి కొత్తవారిలోను లాభం ఎక్కువ అని తెలుస్తుంది. తన పని లోతుగా తెలిసినవారికి, యంత్రం చేసినదానిని సరిదిద్దడానికి పట్టే సమయం మిగులును మింగివేయవచ్చు. సమయం మిగిలిందన్న భావన, గడియారం చూపే సమయం ఎల్లప్పుడూ ఒకటి కావు.

పొరపాట్లు, బాధ్యత

లేని విషయాన్ని ఉన్నట్లు చెప్పడం ఏఐ అసిస్టెంట్ల ప్రసిద్ధ లోపం. 2023లో అమెరికాలోని న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో, చాట్‌జీపీటీ సృష్టించిన లేని తీర్పులను ఉదహరించినందుకు న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది. తప్పు యంత్రానిదైనా సంతకం చేసినవారే బాధ్యులని ఆ ఉదంతం స్పష్టం చేసింది. 2025 జూలైలో కేరళ హైకోర్టు, తీర్పులు చెప్పడానికి గాని నిర్ణయాలు తీసుకోవడానికి గాని ఏఐని వాడరాదని జిల్లా న్యాయవ్యవస్థకు విధానాన్ని ప్రకటించింది.

ప్రభుత్వ కార్యాలయానికి ఇచ్చే అర్జీకి, వ్యాపారి పంపే కొటేషన్‌కు, ఉపాధ్యాయుడు ఇచ్చే ప్రశ్నపత్రానికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

వ్యక్తిగత సమాచారం

ఏఐ అసిస్టెంటులో రాసిన విషయం సాధారణంగా ఆయా సంస్థల సర్వర్లకు చేరుతుంది. అందువలన ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా వివరాలు, ఓటీపీ, ఇతరుల వైద్య నివేదికలు, పట్టాదారు పాసుపుస్తకం ఫోటో వంటివి అందులో పెట్టకూడదు. దరఖాస్తు రాయించేటప్పుడు పేరు, సర్వే నంబరు ఉండవలసిన చోట ఖాళీ వదిలి, తరువాత చేత్తో నింపుకోవచ్చు. కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ 2025 జనవరిలో తన ఉద్యోగులు కార్యాలయ కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటివి వాడరాదని సూచించింది. పౌరుల సమాచార రక్షణకు 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు.

ఉపయోగించే పద్ధతి

ప్రశ్న ఎంత వివరంగా ఉంటే సమాధానం అంత పనికివస్తుంది. "పగిలిన బండల గురించి లెటర్ రాయి" అని అడిగితే ఎవరికైనా సరిపోయే, ఎవరికీ అక్కరకు రాని ఉత్తరం వస్తుంది. దానికి బదులు ఈ విధంగా అడగవచ్చు:

"నేను తాండూరులో పాలిష్ బండల వ్యాపారిని. లారీలో పంపిన 2 అడుగుల చదరపు బండలు 400లో 14 పగిలాయని కొనుగోలుదారు చెప్పారు. వాటికి బదులు వచ్చే లోడులో 14 బండలు ఉచితంగా పంపుతానని, మిగతా సొమ్ము ఈ నెలాఖరులోగా చెల్లించమని కోరుతూ మర్యాదగా కన్నడంలో పది పంక్తుల ఉత్తరం రాయి. నేను చెప్పని అంకెలు ఏవీ చేర్చవద్దు."

ఇందులో ఎవరు, ఎవరికి, ఏ భాషలో, ఎంత పొడవున, ఏ అంకెలతో అన్నవి అన్నీ ఉన్నాయి. చివరి వాక్యం కల్పిత వివరాలను చాలావరకు నివారిస్తుంది.

సాధారణంగా పాటించదగిన సూచనలు:

- మొదట తేలికగా సరిచూడగల పనులతో ప్రారంభించాలి. ఉత్తరంలో తప్పు చదివితే తెలుస్తుంది, మందు మోతాదులో తప్పు పంట పోయాక గాని తెలియదు.
- కొలతలు చెప్పేటప్పుడు ప్రమాణం పేరు కూడా చెప్పాలి. గుంటలా, సెంట్లా, చదరపు గజాలా అన్నది ప్రశ్నలోనే ఉండాలి.
- రాష్ట్రం, జిల్లా, సంవత్సరం పేర్కొనాలి. నియమాలు, ధరలు వాటిని బట్టి మారతాయి.
- పంట పేరు, పైరు వయసు చెప్పకుండా తెగులు గురించి అడగరాదు.
- అంకెలు, పేర్లు, తేదీలు, చట్టం సెక్షన్లను అసలు పత్రంతో పోల్చి చూడాలి.
- సంతకం పెట్టే ముందు పూర్తిగా చదవాలి. చదవడం రాని వారికి, నమ్మకమైన మనిషి చదివి వినిపించాలి.

ఇవి కూడా చూడండి

- వికారాబాద్ జిల్లా
- తాండూరు
- తాండూరు కంది
- కృత్రిమ మేధ
- చాట్‌జీపీటీ
- భూభారతి
- మీసేవ
- సమాచార హక్కు చట్టం